పాత ప్రతి ఎక్కడుంది? సొంత ఫైళ్లకు వెర్షన్ కంట్రోల్

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ కంప్యూటర్‌లోనో, మీరు వెళ్లే నెట్ సెంటర్ వారి కంప్యూటర్‌లోనో మీ అసైన్‌మెంట్లు దాచుకున్న ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి. 'అసైన్‌మెంట్', 'అసైన్‌మెంట్ కొత్తది', 'అసైన్‌మెంట్ ఫైనల్', 'ఫైనల్ 2', 'సార్ చెప్పాక ఫైనల్' అనే పేర్లతో నాలుగైదు ఫైళ్లు కనిపిస్తే మీరు సిగ్గుపడవలసిన పని లేదు. ఈ పాఠం రాస్తున్న నా ఫోల్డర్ కూడా చాలా ఏళ్లు అలాగే ఉండేది. ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. 'ఫైనల్ 2'కూ 'సార్ చెప్పాక ఫైనల్'కూ తేడా ఏమిటి? రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప చెప్పలేరు. చదివినా, ఆ మార్పు ఎందుకు చేశారో గుర్తు రాకపోవచ్చు. ఈ రెండు ప్రశ్నలకు, అంటే 'ఏం మారింది', 'ఎందుకు మారింది' అనే వాటికి జవాబు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌నే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అంటారు.

సాధారణంగా ఈ విషయాన్ని కంప్యూటర్ విద్యార్థులకు, అదీ పదిమంది కలిసి ప్రోగ్రాములు రాసే సందర్భంలో బోధిస్తారు. ఈ పాఠం ఉద్దేశం వేరు. మీరు చరిత్ర, తెలుగు, వాణిజ్యశాస్త్రం ఏది చదువుతున్నా సరే, ఒంటరిగా మీ ఫైళ్లు మీరే చూసుకునేవారైనా సరే, ఇది మీకు ఎందుకు కావాలో, ఎంతవరకు కావాలో చెప్పడం. నేను కంప్యూటర్ శాస్త్రవేత్తను కాను. భాషాశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి భోగాపురంలో స్థిరపడ్డవాడిని. దెబ్బ తిన్న తరువాత నేర్చుకున్నాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

కోనెం పోయి వంజరం వచ్చింది

భోగాపురం మండలంలో సముద్రం ఒడ్డున ముక్కాం, చేపలకంచేరు వంటి మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ ఊళ్లకు వెళ్లి చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు సేకరించేవాణ్ణి. మొదట్లో నోటు పుస్తకంలో రాసి ఇంటికొచ్చి టైపు చేసేవాణ్ణి. తరువాత లాప్‌టాప్ కొన్నాక తీరంలోనే నేరుగా టైపు చేయడం మొదలుపెట్టాను. మూడేళ్లలో ఒకే ఫైలులో ఎనిమిది వందల పైచిలుకు ఆరోపాలు చేరాయి. ఏ మాట ఏ ఊళ్లో ఎవరు చెప్పారో కూడా ప్రతి ఆరోపం పక్కన ఉండేది.

ఒక ప్రచురణకర్త దాన్ని పుస్తకంగా వేస్తానన్నారు. స్థానిక రూపాలు పాఠకులకు అర్థం కావు, అందరికీ తెలిసిన రూపాలు పెట్టమన్నారు. మాకు కోనెం అయిన చేప మిగతా చోట్ల వంజరం. 'వెతుకు, మార్చు' అనే సదుపాయం వాడి ఒక్క మధ్యాహ్నంలో కోనెం అన్న ప్రతి చోటా వంజరం అయింది. అలాగే మరో నలభై మాటలు మార్చాను. సేవ్ నొక్కాను. ఎంత తేలికగా అయిపోయిందో అనుకున్నాను కూడా.

పుస్తకం రాలేదు. రెండేళ్ల తరువాత మరొకరు అదే సేకరణను అడిగారు. కానీ వారికి కావలసింది సరిగ్గా నేను చెరిపేసిన స్థానిక రూపాలే. మార్చిన నలభై మాటల్లో చాలావాటికి రెండు మూడు స్థానిక రూపాలుండేవి. అన్నింటినీ ఒకే రూపంలోకి తెచ్చేశాను కనుక ఏ ఊరివారు ఏది అన్నారో తిరిగి విడదీయడం ఎవరివల్లా కాదు. మార్చడానికి ముందున్న ప్రతి ఒకటి పెన్ డ్రైవ్‌లో ఉండాలన్న ధీమా మాత్రం ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పెంకుటింటి పైకప్పులో సగం లేపేసింది. లాప్‌టాప్, పెన్ డ్రైవ్ ఒకే బీరువాలో ఒకే అరలో ఉన్నాయి. ఇంకొక చోట పంపి ఉంచుకున్న 'ఫైనల్' ప్రతి మిగిలింది. అది వంజరం ప్రతి.

మళ్లీ అడిగి రాసుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. నాకు ఎక్కువ మాటలు చెప్పిన పెద్దాయన అప్పటికి లేరు. బతికుండగా ఒకసారి ఏదో మాట రెండోసారి అడిగితే, "రాసేసుకున్నారు కదేటి మాస్టారూ, మల్లీ అడుగుతారేటి?" అని నవ్వారు. ఆయన అన్నది నిజమే. రాసుకున్నాను. రాసుకున్నది నిలుపుకోలేదు.

ఈ నష్టంలో రెండు వేరువేరు తప్పులు ఉన్నాయని విద్యార్థులు గమనించాలి. తుపానుకు తడిసిపోవడం ఒకటి. దానికి మందు బ్యాకప్, అంటే వేరే చోట మరో నకలు ఉంచుకోవడం. తుపాను రాకపోయినా జరిగిపోయిన తప్పు రెండవది: కొత్త రూపాన్ని పాత రూపం మీద రాసేయడం. దీనికి బ్యాకప్ మందు కాదు. ఎందుకంటే చాలా బ్యాకప్‌లు తాజా ప్రతినే నకలు చేస్తాయి. తప్పును కూడా నమ్మకంగా నకలు చేసి పెడతాయి.

రెండు కన్యాశుల్కాలు

మా జిల్లా కేంద్రం విజయనగరంలోనే ఈ విషయానికి గొప్ప ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తరువాత 1909లో రెండవ కూర్పు వచ్చింది. ఈ రెండింటినీ ముద్రణ దోషాలు సవరించిన ఒకే పుస్తకంగా చూడలేం. మొదటిదానిలో అయిదు అంకాలు, రెండవదానిలో ఏడు. మధురవాణి పాత్ర మొదటి కూర్పులో చిన్నది. రెండవ కూర్పులో నాటకాన్నే నడిపించే స్థాయికి పెరిగింది. మనం చదివేది, రంగస్థలం మీద చూసేది 1909 నాటి ప్రతి. మొదటి కూర్పు చాలా కాలం సామాన్య పాఠకుడి చేతికి అందలేదు. బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి గారు 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో దాన్ని మళ్లీ ప్రచురించాకే రెండింటినీ పక్కన పెట్టుకుని చదవడం తేలికైంది.

కంప్యూటర్ భాషలో చెప్పాలంటే 1897, 1909 అనేవి రెండు వెర్షన్లు. ఆ రెండింటిని పోల్చి పరిశోధకులు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌లో 'డిఫ్' అంటారు. గురజాడ వారు రెండు కూర్పులకూ ఆంగ్లంలో పీఠికలు రాశారు. రచయిత తన ఉద్దేశాన్ని తనే చెప్పుకున్న చీటీలు అవి. వెర్షన్ కంట్రోల్‌లో ప్రతి మార్పుతో పాటు మనం రాసే రెండు ముక్కల వివరణ ఈ పీఠికకు చిట్టి తమ్ముడు. తాజా ప్రతి మంచిదైనంత మాత్రాన పాత ప్రతి పనికిరానిది కాదని తెలుగు విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. పాత ప్రతి పోతే మధురవాణి ఎలా ఎదిగిందన్న ప్రశ్నే పుట్టదు.

1బీ, ఈసీ

ఇంకొక ఉదాహరణ సాహిత్యం తెలియనివారికి కూడా అందుతుంది. విమానాశ్రయానికి భూసేకరణ మొదలైన నాటి నుంచి భోగాపురం చుట్టుపక్కల భూమి కాగితాల గురించి మాట్లాడని ఇల్లు లేదు. మీలో కొందరు కూడా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరిగి ఉంటారు. 1బీ నకలు చూస్తే భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. ఈసీ తీస్తే ఎప్పుడెప్పుడు ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అనే రిజిస్టరైన లావాదేవీలు వరుసగా కనిపిస్తాయి. భూమి కొనేవారు 1బీ ఒక్కటే చూసి డబ్బు ఇవ్వరు. ఈసీ చూస్తారు.

మీ ఫోల్డర్‌లో కనిపించే ఫైలు 1బీ వంటిది. వెర్షన్ కంట్రోల్ ఇచ్చేది ఈసీ. ఈ పోలిక ఇంకొంచెం ముందుకు వెళుతుంది. రిజిస్టరైన దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడితే కొట్టివేసి పైన రాయడానికి వీల్లేదు. సవరణ దస్తావేజు అని మరొకటి రాసి రిజిస్టరు చేయించాలి. తప్పు కూడా రికార్డులో ఉంటుంది, దిద్దుబాటు కూడా ఉంటుంది. వెర్షన్ కంట్రోల్‌లో 'రివర్ట్' అనే చర్య సరిగ్గా ఇదే. పాత మార్పును చెరపదు, దానికి విరుగుడుగా కొత్త మార్పును నమోదు చేస్తుంది. మొదట్లో ఇది చాదస్తంలా అనిపిస్తుంది. ఆరు నెలల తరువాత, 'ఈ పేరా తీసేసింది నేనేనా?' అన్న సందేహం వచ్చినప్పుడు విలువ తెలుస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్ ఎలా వచ్చింది

1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే ప్రోగ్రాము రాశారు. ఈ వంశానికి మూలపురుషుడు అదే. 1980ల తొలినాళ్లలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ తయారుచేశారు. అందులోని ఒక ఉపాయం చెప్పుకోదగ్గది. ఫైలు వంద సార్లు మారితే వంద నకళ్లు దాచడానికి ఆనాటి డిస్కుల్లో చోటు ఎక్కడిది? అందుకని తాజా ప్రతిని పూర్తిగా ఉంచి, అక్కడినుంచి వెనక్కి వెళ్లడానికి కావలసిన తేడాలను మాత్రమే రాసిపెట్టారు. మనకు ఎక్కువసార్లు కావలసింది తాజా ప్రతి కనుక అది వెంటనే దొరుకుతుంది. పాతది కావాలంటే కంప్యూటర్ ఒక్కొక్క మెట్టే దిగి వెళుతుంది. ఆర్‌సీఎస్ ఒక్కొక్క ఫైలుకు విడిగా చరిత్ర రాస్తుంది. కాబట్టి అది పుట్టుకతోనే ఒంటరి వాడుకరికి సరిపోయే పనిముట్టు.

ఆ తరువాత వచ్చిన సీవీఎస్, సబ్‌వెర్షన్ వంటివి బృందాల అవసరాల కోసం పెరిగాయి. మన పాఠానికి అవి అంతగా అవసరం లేదు.

2005 ఏప్రిల్‌లో లైనక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను మొదలుపెట్టారు. లైనక్స్ బృందం అంతవరకు వాడుతున్న వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడం అందుకు కారణం. ఈ రోజు ప్రపంచంలో అత్యధికులు వాడేది గిట్. వేలమంది కలిసి పనిచేయడానికి పుట్టినదాన్ని ఒక్కరు తన అసైన్‌మెంట్ల కోసం వాడటం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఇలా అనిపించినవారు ఇంకా ఉన్నారు. ఎరిక్ రేమండ్ 2014లో ఎస్‌ఆర్‌సీ అనే చిన్న ప్రోగ్రాము విడుదల చేశారు. ఒక మనిషి, విడివిడి ఫైళ్లు, అంతే. ప్రతులకు 1, 2, 3 అని మామూలు అంకెలు ఇస్తుంది. లోపల పనిచేసేది పాత ఆర్‌సీఎస్సే. ఎస్‌క్యూలైట్ రూపకర్త రిచర్డ్ హిప్ రాసిన ఫాసిల్ చరిత్రనంతా ఒకే ఫైలులో ఉంచుతుంది. పెన్ డ్రైవ్‌లో వేసుకు తిరగడానికి వీలైనది.

ఇన్ని ఉన్నా మీకు నేను గిట్‌నే సూచిస్తున్నాను. గొప్పదని కాదు, చిక్కుపడినప్పుడు అడగడానికి మనిషి దొరుకుతాడని. మీ ఊళ్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా దాన్ని వాడి ఉంటారు.

గిట్‌తో ఒక్కరి పని

గిట్ ఉచితం. విండోస్‌లో, లైనక్స్‌లో, మ్యాక్‌లో పనిచేస్తుంది. ఇంటర్నెట్ లేకుండా కూడా పూర్తిగా పనిచేస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. గిట్ వేరు, గిట్‌హబ్ వేరు. గిట్ మీ కంప్యూటర్‌లో ఉండే ప్రోగ్రాము. గిట్‌హబ్ ఇంటర్నెట్‌లో నకలు ఉంచుకునే ఒక సంస్థ సేవ.

కింది ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇస్తున్నాను. కంప్యూటర్‌లో వాటిని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ముందు 'గిట్ కాన్ఫిగ్' ఆదేశంతో మీ పేరు, ఈమెయిల్ ఒకసారి నమోదు చేయాలి. తరువాత ఫోల్డర్‌లోకి వెళ్లి 'గిట్ ఇనిట్' అంటే ఆ ఫోల్డర్ మీద గిట్ కన్ను పడుతుంది. లోపల కనబడకుండా ఒక ఉపఫోల్డర్ ఏర్పడి చరిత్ర అంతా అందులో చేరుతుంది. దాన్ని తుడిచేస్తే చరిత్ర పోతుంది, కాబట్టి జోలికి వెళ్లకండి.

కొంత పని చేశాక రెండు అడుగులు. 'గిట్ యాడ్' అంటే ఈ విడతలో ఏ ఫైళ్లను చేర్చాలో ఏరి పక్కన పెట్టడం. 'గిట్ కమిట్' అంటే వాటిని కట్ట కట్టి, పైన చీటీ అంటించి, బీరువాలో పెట్టడం. ప్రతి కట్టకూ గిట్ ఒక వేలిముద్ర వంటి గుర్తు ఇస్తుంది. సాధారణంగా అది 40 అంకెలు, అక్షరాల వరుస. లోపలి పాఠంలో ఒక్క సున్నా మారినా ఆ గుర్తు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కాబట్టి పాత ప్రతిలో ఎవరైనా రహస్యంగా చేయి పెడితే బయటపడుతుంది. మారని ఫైళ్లను గిట్ మళ్లీ దాచదు. ముందున్న దాన్నే చూపించి ఊరుకుంటుంది.

'గిట్ లాగ్' అంటే చరిత్ర వరుసగా కనబడుతుంది. ఇదే మన ఈసీ. 'గిట్ డిఫ్' తేడాలు చూపుతుంది. తీసేసిన వాక్యం ముందు మైనస్ గుర్తు, చేర్చినదాని ముందు ప్లస్ గుర్తు ఉంటాయి. ఒక ఫైలును చివరి కమిట్‌లో ఉన్న స్థితికి తేవాలంటే 'గిట్ రిస్టోర్'. దీనితో మాత్రం జాగ్రత్త. కమిట్ చేయని మార్పులు అప్పటికి ఉంటే అవి తిరిగి రావు. గిట్ కాపాడేది మీరు దానికి అప్పగించినదాన్నే.

నల్లతెర మీద ఆదేశాలు కొట్టడం ఇష్టం లేనివారికి గిట్‌హబ్ డెస్క్‌టాప్ వంటి బొమ్మల తెర ప్రోగ్రాములు ఉచితంగా ఉన్నాయి. తెలుగు ఫైళ్లకు నిజానికి అవే మేలు. విండోస్ నల్లతెర ఒత్తులను, గుణింతాలను చాలాసార్లు విరగ్గొట్టి చూపిస్తుంది. ఫైలు పాడైందని కంగారు పడకండి, పాడైంది ప్రదర్శన మాత్రమే.

చీటీ మీద ఏం రాయాలి

కొత్తవారు కమిట్ చీటీ మీద 'మార్పులు', 'అప్‌డేట్', 'ఈ రోజు పని' అని రాస్తారు. తేదీ గిట్ ఎలాగూ వేస్తుంది. మార్పు ఏమిటో డిఫ్ చెబుతుంది. అది చెప్పలేనిది కారణం ఒక్కటే. చీటీ మీద రాయవలసింది అదే. 'కోనెం మొదలైన 41 మాటలు ప్రామాణిక రూపాలకు మార్చాను, ప్రచురణకర్త సూచన' అని ఆ మధ్యాహ్నం ఒక్క వాక్యం రాసి కమిట్ చేసి ఉంటే నా పని రెండు నిమిషాల్లో వెనక్కి తిరిగేది. అసైన్‌మెంట్‌లో అయితే 'రెండో ప్రశ్నలో 1909 కూర్పు గురించిన పేరా తీసేశాను, పదాల పరిమితి దాటింది' అని రాయండి. తెలుగులోనే రాయండి. గిట్‌కు అభ్యంతరం లేదు.

ఎంత తరచుగా? ఒక ఆలోచన పూర్తయినప్పుడల్లా అన్నది నా లెక్క. వాక్యానికొక కమిట్ చేస్తే చరిత్ర చెత్తకుప్ప అవుతుంది. నెలకొకటి చేస్తే మళ్లీ 1897, 1909 లాగా రెండు తీరాలే మిగులుతాయి, మధ్యలో నది కనబడదు. పెద్ద ఎత్తున 'వెతుకు, మార్చు' వాడే ముందు మాత్రం తప్పనిసరిగా ఒకసారి కమిట్ చేయండి. ఇది నేను డబ్బు పెట్టకుండా, మాటలు పెట్టి కొనుక్కున్న పాఠం.

అసైన్‌మెంట్ సమర్పించిన రోజు ఆ ప్రతికి 'ట్యాగ్' వేసి 'సమర్పించినది' అని పేరు పెట్టుకోండి. తరువాత దిద్దుకున్నా, ఆచార్యులు చదివిన ప్రతి ఏదో తగాదా ఉండదు.

తెలుగు ఫైళ్లలో వచ్చే చిక్కులు

గిట్ తేడాలను వరుసల వారీగా చూస్తుంది. ప్రోగ్రాములలో వరుసలు పొట్టిగా ఉంటాయి. మన వ్యాసంలో పేరా అంతా కంప్యూటర్ దృష్టిలో ఒకే వరుస, ఎంటర్ నొక్కేదాకా. అందుచేత పన్నెండు వాక్యాల పేరాలో ఒక కామా తీస్తే పేరా మొత్తం మారిందని చూపిస్తుంది. విరుగుడు తేలిక. చిత్తుప్రతిలో ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టండి. పేరాల మధ్య ఖాళీ వరుస వదలండి. శుద్ధప్రతి తయారుచేసేటప్పుడు కలుపుకోవచ్చు. దీనివల్ల అనుకోని లాభం ఒకటుంది. మీ వాక్యాలు ఎంత పొడుగ్గా సాగుతున్నాయో కంటికి కనబడుతుంది. నావి సాగుతున్నాయని నాకు అలాగే తెలిసింది.

ఫైలుకు తెలుగు పేరు పెడితే గిట్ దాన్ని వెనుకగీతలతో 340, 260 వంటి అంకెల వరుసగా చూపించవచ్చు. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. ఆ బైట్లనే గిట్ అంకెలుగా పరుస్తోంది. 'కోర్ డాట్ కోట్‌పాత్' అనే అమరికను 'ఫాల్స్' చేస్తే పేరు పేరులా కనబడుతుంది.

రెండు వాక్యాలు అచ్చంగా ఒకేలా ఉన్నా డిఫ్ తేడా ఉందంటుంటే భూతమనుకోకండి. తెలుగు టైపింగులో 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపడానికి కనబడని గుర్తు ఒకటి వాడతాం. మాట చివర అది అనవసరంగా అంటుకుని ఉంటే కంటికి తెలియదు. యంత్రానికి తెలుస్తుంది. వెతికినప్పుడు కొన్ని మాటలు దొరకకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

పాత డీటీపీ పద్ధతిలో, అంటే అను వంటి ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లలో తెరవెనుక ఉండేవి తెలుగు సంకేతాలు కావు. డిఫ్‌లో అర్థంలేని గుర్తులు వస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చే ముందు మూలప్రతిని కూడా కమిట్ చేయండి. మార్పిడిలో ఒత్తులు తప్పిపోవడం నేను చూశాను.

వర్డ్ ఫైళ్లను గిట్ దాస్తుంది, వెనక్కి కూడా ఇస్తుంది. కానీ వాక్యాల తేడా మామూలుగా చూపలేదు, ఎందుకంటే డాక్స్ ఫైలు లోపల కుదించిన మూట. వర్డ్‌లోనే పనిచేయక తప్పనివారు దానిలోని 'ట్రాక్ చేంజెస్' వాడుకోవచ్చు. గిట్‌లో మాత్రం మామూలు టెక్స్ట్ ఫైలులో రాయడం ఉత్తమం.

గిట్ అక్కరలేనివారికి

మీకున్నది ఫోను ఒక్కటే అయితే, కంప్యూటర్ వారానికొకసారి నెట్ సెంటర్‌లో దొరుకుతుందంటే, గిట్ కోసం తంటాలు పడకండి. గూగుల్ డాక్స్‌లో రాయండి. కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' ఉంటుంది. మార్పుల ప్రతులు దానంతటదే దాస్తుంది. అయితే చోటు కోసం వాటిలో కొన్నిటిని కలిపేయవచ్చు. అందుకని ముఖ్యమైన ఘట్టంలో 'ప్రస్తుత ప్రతికి పేరు పెట్టు' అనే సదుపాయం వాడి, కారణం తెలిసే పేరు పెట్టండి. గూగుల్ డ్రైవ్‌లో దాచిన ఇతర ఫైళ్ల పాత ప్రతులు మాత్రం మామూలుగా 30 రోజులు లేదా 100 ప్రతుల వరకే ఉంటాయి.

బీరువా రెండు చోట్ల ఉండాలి

గిట్ చరిత్ర ఆ ఫోల్డర్‌లోనే ఉంటుందని చెప్పాను. లాప్‌టాప్ పోతే చరిత్రా పోతుంది. కాబట్టి ఇందాక చెప్పిన మొదటి మందు, బ్యాకప్, ఇక్కడా అవసరమే. గిట్‌హబ్‌లో ఇతరులకు కనబడని ప్రైవేటు రిపాజిటరీలను 2019 జనవరి నుంచి ఉచిత ఖాతాదారులు కూడా ఎన్నైనా పెట్టుకోవచ్చు. అక్కడికి పంపడాన్ని 'పుష్' అంటారు. 100 ఎంబీ దాటిన ఫైలును అది తీసుకోదు. ఆడియో రికార్డింగులు, స్కాన్లు వేరే దాచుకోండి. ఇంటర్నెట్ వద్దనుకుంటే మరో డిస్కులోకి ఫోల్డర్ మొత్తం నకలు తీసి బంధువుల ఇంట్లో పెట్టండి. ఒకే బీరువాలో మాత్రం కాదు.

ఒక హెచ్చరిక. ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌వర్డు వంటివి పొరపాటున కూడా కమిట్ చేయకండి. తరువాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉండిపోతాయి. మరిచిపోకపోవడం దీని బలం, ఇక్కడ అదే చిక్కు. అలాంటి ఫైళ్ల పేర్లను 'గిట్‌ఇగ్నోర్' అనే జాబితాలో ముందే రాసిపెడితే గిట్ వాటిని ముట్టుకోదు.

చేసి చూడండి

మీ ఊళ్లో మాత్రమే వాడే మాటలు పది రాయండి. ఒక్కొక్కటి ఒక్కో వరుసలో, అర్థంతో, ఎవరు చెప్పారో కూడా చేర్చి రాసి కమిట్ చేయండి. ఇంట్లో పెద్దవారిని అడిగి కనీసం మూడు అర్థాలను దిద్ది, ఎందుకు దిద్దారో చీటీ మీద రాసి మళ్లీ కమిట్ చేయండి. మూడోసారి ఆ పది మాటలనూ పత్రికల్లో కనిపించే రూపాలకు మార్చి కమిట్ చేయండి. ఇప్పుడు రెండవ ప్రతిని వెనక్కి తెచ్చుకోండి. ఎలా తెచ్చారో నాలుగు వాక్యాల్లో రాసి, లాగ్ అచ్చు ప్రతితో పాటు అధ్యయన కేంద్రంలో జరిగే తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.